లేబర్ రూమ్ పోస్టింగ్‌కి యాప్ అప్పా? ముందు ఆ 28 రోజుల డబ్బు ఎక్కడుందో చెప్పండి

ఈసారి ఉత్తరం మిడ్‌వైఫరీ, అంటే కాన్పులు చేసే కోర్సు, ఆఖరి సంవత్సరం చదువుతున్న అమ్మాయిది, వయసు 22. ఇంకో 10 వారాల్లో ఆస్పత్రి పోస్టింగ్ మొదలవుతుంది. మొత్తం 16 వారాలు, అందులో 10 వారాలు కాన్పుల వార్డు, లేబర్ రూములో, 6 వారాలు పుట్టిన పిల్లల ఐసీయూలో. స్టైపెండ్ లేదు, ఇప్పుడు చేస్తున్న పార్ట్‌టైమ్ ఉద్యోగం మానేయాలి. చేతిలో నెలన్నర ఖర్చుకి సరిపడా ఉంది, సిప్‌లో, అంటే నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసిన డబ్బులో, ఇంకో రెండు నెలల ఖర్చంత ఉంది కానీ దాన్ని కదిలించడం ఇష్టం లేదు. యూనిఫాం, బూట్లు, టీకాలు, హాస్టల్ అడ్వాన్స్ కోసం ఇప్పటికే ఒక యాప్‌లో అర నెల ఖర్చంత లోన్ తీసుకుని, ఒకసారి గడువు కూడా పొడిగించుకుంది. "మేడమ్, ఇంకో పెద్ద యాప్ లోన్ తీసుకుని పాతది క్లోజ్ చేసేసి, ఈ 4 నెలలు గడిపేసి, ఐదో నెల జీతంతో తీర్చేద్దామనుకుంటున్నా, ఓకేనా?" అని ప్రశ్న.

ఓకే కాదమ్మా. అస్సలు కాదు. ఇలాంటి ఉత్తరాలు నాకు నర్సింగ్ వాళ్ల నుంచి, మిడ్‌వైఫరీ వాళ్ల నుంచి వస్తూనే ఉంటాయి, తప్పు మాత్రం అందరిదీ ఒకటే, అందుకే మీ ఒక్కరికి చెప్పి ఊరుకోకుండా ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ లోన్ సంగతి. 100 అప్పు అంటారు, ప్రాసెసింగ్ ఫీజు 8 ముందే కోసేసి చేతికి 92 ఇస్తారు, 30 రోజులకి 103 కట్టమంటారు. మీరేమో 3 శాతమే కదా అనుకుంటారు. చేతికొచ్చింది 92, కట్టేది 103, అంటే 92 మీద నెలకి 11, దగ్గరదగ్గర 12 శాతం, ఏడాదికి వేసుకుంటే 140 శాతం పైనే. గడువు పొడిగించిన ప్రతిసారీ మళ్లీ ఫీజు. ఇంత వడ్డీకి అప్పు చేస్తూ ఆ పక్కనే సిప్ కదపను అంటే నాకు నిజంగా కోపం వస్తుంది, ఏ సిప్ ఇస్తుందండీ ఏడాదికి 140 శాతం? పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు అనే మాట దగ్గరే ఆగిపోవాల్సింది మీరు. ఇంకొకటి, డ్యూటీలో మీ ఫోన్ లాకర్లో ఉంటుంది. 12 గంటల షిఫ్ట్‌లో ఉండగా ఆటో డెబిట్ బౌన్స్ అయితే మీకు తెలిసేది షిఫ్ట్ దిగాకే, అప్పటికి పెనాల్టీ పడిపోయి ఉంటుంది, ఫోన్లూ మొదలైపోయి ఉంటాయి.

సరే, అసలు తప్పు వడ్డీ కూడా కాదు. మీరు పోస్టింగ్‌ని క్యాలెండర్ చూసి లెక్కేశారు. 16 వారాలు, అంటే 4 నెలలు, ఐదో నెల జీతం. కాన్పుల వార్డు క్యాలెండర్ ప్రకారం నడవదు, ఇది మీకు నేను చెప్పక్కర్లేదు. 37 వారాల నుంచి 42 వారాల మధ్య ఎప్పుడైనా బిడ్డ రావచ్చు, మొదటి కాన్పు అయితే నొప్పులు మొదలయ్యాక మీ షిఫ్ట్ అయిపోయి ఇంకో షిఫ్ట్ వాళ్లొచ్చినా కాకపోవచ్చు. లాగ్‌బుక్‌లో సంతకం పడేది మీరు ఎన్ని రోజులు నిలబడ్డారని కాదు, ఎన్ని కేసులు చేశారని. యూరోపియన్ యూనియన్ నిబంధనే చూడండి, మిడ్‌వైఫ్ అవ్వాలంటే చదువులో కనీసం 40 కాన్పులు స్వయంగా చేసి ఉండాలి, కాన్పులు దొరక్కపోతే 30కి తగ్గిస్తారు గానీ అప్పుడు ఇంకో 20 కాన్పుల్లో సాయం చేసి ఉండాలి. మీ కోర్సులో ఆ సంఖ్య వేరే ఉండొచ్చు, ఉండటం మాత్రం ఉంటుంది. నిండలేదంటే పోస్టింగ్ పొడిగిస్తారు, ఈఎంఐ మాత్రం తన తేదీకి తను వచ్చేస్తుంది.

ఇప్పుడు నేను ఎవరు ఏం అడిగినా చివరికి తీసుకొచ్చేది ఇక్కడికే, ఎమర్జెన్సీ ఫండ్. మీకైతే దాన్ని 28 రోజుల డబ్బు అని పిలుస్తాను, ఎందుకో చెప్తా. లేబర్ రూములో రక్తం, ఉమ్మనీరు మధ్య పని, కుట్లు వేసేచోట సూది గుచ్చుకోవడం ఎంత జాగ్రత్తపరులకైనా జరుగుతుంది. హెచ్‌ఐవీ రిస్క్ ఉందన్నారంటే 72 గంటల్లోపు మందులు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి, ఆ మందులతో కొందరికి వికారం, నీరసం, డ్యూటీకి లేవలేరు. అది ఒకటి. రెండోది, మీ తప్పు ఏమీ లేకుండా జరిగేది. వార్డులో ఒకరికి చికెన్‌పాక్స్, అదే ఆటలమ్మ, బయటపడింది, మీకు ఇదివరకు రాలేదు, టీకా కూడా పడలేదు. అంతే, మీకు ఒంట్లో బాగానే ఉన్నా ఆ రోగి దగ్గర ఉన్నాక 8వ రోజు నుంచి 21వ రోజు దాకా మిమ్మల్ని గర్భిణుల దగ్గరికి, పసిపిల్లల దగ్గరికి రానివ్వరు, రానివ్వకూడదు కూడా. రెండు వారాలు పోయాయి. కోరింత దగ్గు వచ్చిందా, యాంటీబయాటిక్ మొదలుపెట్టి 5 రోజులయ్యేదాకా బయటే. ఆ గంటలన్నీ తర్వాత పూడ్చాలి, హాస్టల్ అద్దె ఇంకో నెల కట్టాలి. నాకు రాసిన ఇంకో స్టూడెంట్‌కి ఈ ఆటలమ్మ కథే జరిగింది, అమ్మాయికి అసలు జ్వరమే రాలేదు, పోస్టింగ్ మాత్రం మూడు వారాలు వెనక్కి జరిగింది, ఆ మూడు వారాల కోసం తీసుకున్న చిన్న లోన్ తీరడానికి ఉద్యోగం వచ్చాక 8 నెలలు పట్టింది.

అందుకే నా లెక్క ఇలా ఉంటుంది. పోస్టింగ్ 4 నెలలు. పూడ్చడానికి 1. రిజల్ట్, రిజిస్ట్రేషన్, ఉద్యోగంలో చేరి మొదటి జీతం చేతికొచ్చేసరికి తక్కువలో తక్కువ 2. మొత్తం 7 నెలల ఖర్చు, మీరు అనుకున్న 4 కాదు. ఇందులో పూడ్చడానికన్న ఆ 1 నెలే నేను చెప్పిన 28 రోజుల డబ్బు, దాన్ని వేరే ఖాతాలో పెట్టేయండి, దానికి కార్డు వద్దు, ఫోన్‌లో యాప్ వద్దు, అద్దె లేటైనా దాన్ని ముట్టుకోకండి.

మీ దగ్గర చేతిలో నెలన్నర, సిప్‌లో రెండు, కలిపి మూడున్నర. సిప్ ఈ వారమే అమ్మండి, కొత్త వాయిదాలు ఆపేయండి, యాప్ లోన్ మొత్తం కట్టేసి క్లోజ్ అయినట్టు లెటర్ తీసుకోండి. అర నెల పోయి 3 మిగిలింది. పోస్టింగ్‌కి ఇంకా 10 వారాలుంది, ఆ ఉద్యోగం చివరి రోజు దాకా చేసి ఒక నెల ఖర్చంత వెనకేయగలిగితే 4. ఇంకా 3 తక్కువ. ఆ 3కి మీ చదువు లోన్ ఇచ్చిన బ్యాంకునే అడగండి, ఉద్యోగం వచ్చాక కట్టడం మొదలయ్యేది అయితేనే తీసుకోండి, లేదా ఇంట్లోవాళ్ల దగ్గర కాగితం రాసి తీసుకోండి, కాలేజీలో సహాయ నిధి ఉంటే దరఖాస్తు పెట్టండి. క్రెడిట్ కార్డు మీద క్యాష్ తీయడం మాత్రం ఆ యాప్‌కి అక్కలాంటిది, వద్దు. ఇవేవీ కుదరకపోతే తర్వాతి బ్యాచ్‌లో పోస్టింగ్ అడగండి, మూడు నెలలు లేటైతే అయింది, ఫ్రెండ్స్ ముందు వెళ్లిపోతారని బాధపడి అప్పు మీద నిలబడొద్దు.

పోస్టింగ్‌లో ఉండగా రాత్రిపూట వేరే పని చేసుకుంటా అని మాత్రం నాకు మళ్లీ రాయకండి. నిద్ర లేకుండా పిల్లల ఐసీయూకి వెళ్తారా? అక్కడ కిలో కూడా లేని బిడ్డలుంటారు, మందు డోసు బిడ్డ బరువు గ్రాముల్లో చూసి లెక్కకడతారు, దశాంశం చుక్క ఒక్క స్థానం జరిగితే డోసు పదిరెట్లు. పైగా మొదటి నుంచి చివరిదాకా ఒకే తల్లిని చూసుకునే కేసులు మీకు ఇస్తే అర్ధరాత్రి ఫోన్ వచ్చినా వెళ్లాలి, బస్సులుండవు, ఆ ఆటో ఖర్చు కూడా మీ బడ్జెట్‌లో నాకు కనపడలేదు, రాసుకోండి.

ఇన్సూరెన్స్ గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. కాలేజీ గ్రూప్ పాలసీ ఉంటే అది క్యాంపస్ వరకేనా, ఆస్పత్రిలో డ్యూటీలో జరిగినదానికి కూడా వర్తిస్తుందా, సూది గుచ్చుకుంటే టెస్టులకి, మందులకి ఎవరు కడతారు, పొరపాటున పేషెంట్‌కి ఏదైనా జరిగి కేసు వస్తే స్టూడెంట్‌కి ఆ ఖర్చు భరించే ఇండెమ్నిటీ కవర్ ఉందా, ఇవన్నీ రాతపూర్వకంగా తెచ్చుకోండి. మీ పేరు మీద సొంత హెల్త్ పాలసీ, యాక్సిడెంట్ పాలసీ లేకపోతే సిప్ అమ్మిన డబ్బులోంచి ముందు అవి తీసుకోండి, ఈ వయసులో ప్రీమియం తక్కువే.

టీకాలకి డబ్బు పెట్టానన్నారు, మంచి పని, కానీ హెపటైటిస్ బి ఎన్ని డోసులయ్యాయి? 0, 1, 6 నెలల లెక్కన మూడు డోసులు, చివరి డోసు తర్వాత నెల, రెండు నెలలకి రక్తపరీక్షలో యాంటీబాడీలు 10 mIU/mL దాటాయో లేదో చూస్తారు. ఇప్పుడే మొదలుపెట్టి ఉంటే మూడో డోసు మీ పోస్టింగ్ చివర్లో పడుతుంది, దానితోపాటు ఆటలమ్మ, రుబెల్లా రిపోర్టులు కూడా కావాలని మొదటి రోజు గేటు దగ్గర చెప్తే ఇంకో వారం పోతుంది. రేపే మీ పోస్టింగ్ కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టి ఏ రిపోర్టులు ఏ తేదీకల్లా కావాలి, గంటలు పోతే ఎలా పూడుస్తారు అని రెండే ప్రశ్నలు అడగండి, ఆ జవాబు వచ్చాక ఈ 7 నెలల లెక్క మళ్లీ వేసి నాకు పంపండి, చూస్తాను.