సిగ్నల్ ఫుల్, స్పీడ్ నిల్

సందేహం: రూటర్ హాల్లో ఉంది. చివరి గదికి సిగ్నల్ అందడం లేదని, దాన్ని అందుకుని మళ్లీ పంపే రిపీటర్ కొని ఆ గదిలో పెట్టాను. రెండింటి మీదా బటన్ నొక్కితే కలిసిపోయాయి. ఫోన్‌లో గీతలన్నీ నిండుగా కనిపిస్తున్నాయి కానీ వీడియో ఆగి ఆగి వస్తోంది. ఇంకా పెద్ద రూటర్ కొనమంటారా?

జవాబు: వద్దు. రిపీటర్ కొనకముందు ఒక్కరూ అడగరు, కొన్నాక అందరూ ఇదే రాస్తారు. ఫోన్ చూపించే గీతలు మీ ఫోన్‌కీ, రిపీటర్‌కీ మధ్య సంగతి. రిపీటర్‌కి రూటర్ నుంచి ఎంత అందుతోందో అవి చెప్పవు. సిగ్నల్ రాని గదిలోనే దాన్ని పెడితే అది మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది? రూటర్ సిగ్నల్ ఇంకా బాగా అందుతున్న చోట, దారి మధ్యలో పెట్టాలి. అక్కడ పెట్టినా, ఒకే రేడియో ఉన్న రకమైతే వేగం దాదాపు సగానికి పడిపోతుంది. ఒకే చానల్లో అటు వినాలి, ఇటు చెప్పాలి, అదీ వంతులవారీగా.

ముందు ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో నేరుగా రూటర్‌కి తగిలించి స్పీడ్ చూడండి. అక్కడే తక్కువుంటే వైఫైని తిట్టి లాభం లేదు. బాగానే ఉంటే రూటర్‌ని టీవీ వెనక నుంచి, ఇనప బీరువా పక్క నుంచి బయటికి తీయండి. వైఫై నడిచే బ్యాండ్లలో 5 గిగాహెర్ట్జ్‌కి వేగం ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. 2.4 గిగాహెర్ట్జ్ మీదే ఉండక తప్పకపోతే 1, 6, 11 చానళ్లలో ఒకటి ఎంచుకోండి. 3 ఖాళీగా ఉంది కదా అని దూరితే అటు 1తోనూ, ఇటు 6తోనూ గొడవే. వీలైతే చివరి గదిదాకా ఈథర్‌నెట్ కేబుల్ లాగి అక్కడ ఒక యాక్సెస్ పాయింట్, అంటే కేబుల్‌లో వచ్చే నెట్‌ని వైఫైగా పంచే పెట్టె, పెట్టుకోండి. ఇంట్లో పాత రూటర్ ఉంటే అదీ పనికొస్తుంది, కాకపోతే దానికి అప్‌డేట్లు ఇంకా వస్తుండాలి.

ఇక మీరు మాటవరసకి చెప్పిన ఆ బటన్ సంగతి. నాకు టెన్షన్ అంతా దానితోనే. దాని పేరు డబ్ల్యూపీఎస్, పాస్‌వర్డ్ టైప్ చేయకుండానే పరికరాల్ని వైఫైలో కలిపే ఏర్పాటు. బటన్ నొక్కితే ఓ రెండు నిమిషాలు తలుపు తెరిచి మూసేస్తుంది, అది పెద్ద ప్రమాదం కాదు. అదే సెట్టింగ్ కింద పిన్ పద్ధతి ఒకటి ఉంటుంది. చాలా పాత రూటర్లలో అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. పిన్‌లో 8 అంకెలు, అంటే 10 కోట్ల అవకాశాలు అనుకుంటాం. చివరి అంకె మిగతావాటి నుంచి లెక్కకట్టేదే కాబట్టి నిజానికి కోటి. పైగా రూటర్ ఆ పిన్‌ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది, మొదటి ముక్క తప్పయితే అక్కడే చెప్పేస్తుంది. దాంతో మొదటి సగానికి 10,000, రెండో సగానికి 1,000. మొత్తం 11,000 ప్రయత్నాలు చాలు. ఇది 2011లోనే బయటపడింది. తప్పు పిన్‌లు వరసగా వస్తే తాళం పడేలా కొందరు తయారీదారులు మార్చారు. 2014లో ఇంకో లోపం దొరికింది. కొన్ని చిప్‌లు రహస్య సంఖ్యల్ని సులభంగా ఊహించేలా తయారు చేస్తున్నాయి కాబట్టి ఒక్కసారి పలకరిస్తే చాలు, మిగతా లెక్క దాడి చేసేవాడు తన కంప్యూటర్‌లో తీరిగ్గా చేసుకుంటాడు. పిన్ దొరికిందంటే వైఫై పాస్‌వర్డ్‌ని రూటరే స్వయంగా అందిస్తుంది. మీరు 30 అక్షరాల పాస్‌వర్డ్ పెట్టుకున్నా అంతే. రిపీటర్ కలిసిపోయింది కదా, ఇక డబ్ల్యూపీఎస్‌ని రెండింటిలోనూ ఆపేయండి.

సందేహం: ఇంటి వైఫైలో ఉన్నప్పుడు మాత్రమే కొన్ని సైట్లు తెరిస్తే ఏవేవో ప్రకటనల పేజీలు వస్తున్నాయి. మొబైల్ డేటాలో రావు. ఫోన్ రీసెట్ చేశాను, రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేశాను. తగ్గలేదు.

జవాబు: ఫోన్‌ని అనవసరంగా రీసెట్ చేశారు. రూటర్‌లో డీఎన్ఎస్ చిరునామాని ఎవరో మార్చి ఉండే అవకాశమే ఎక్కువ. ఏ సైట్ ఎక్కడుందో చెప్పేది డీఎన్ఎస్. అది దొంగ చేతికి వెళితే వాడు చూపించిన చోటికే ఇంట్లో అందరూ వెళతారు. ఆ మార్పు రూటర్ మెమరీలో రాసి ఉంటుంది కాబట్టి ఆఫ్ చేసి ఆన్ చేస్తే పోదు. ఫ్యాక్టరీ రీసెట్ చేసి, ఫర్మ్‌వేర్ (రూటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, బయటి నుంచి నిర్వహించే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. అడ్మిన్ పాస్‌వర్డ్ అంటే వైఫై పాస్‌వర్డ్ కాదు మహాశయా! సెట్టింగ్స్ పేజీది. ఆ పేజీకి యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ అడ్మిన్ అని వదిలేసేవాళ్లు ఎందరో. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ ఇలాంటి డిఫాల్ట్ జంటలు ఓ 60 దాకా పట్టుకుని, కెమెరాల్లోకీ రూటర్లలోకీ దూరి, పెద్దపెద్ద వెబ్‌సైట్లు కొన్ని గంటలపాటు అందకుండా చేసింది.

తప్పంతా వాడేవాళ్లదే అని మాత్రం అనను. పెట్టె మీద యాంటెన్నాలు ఎన్ని, వేగం ఎంత అని పెద్దక్షరాల్లో వేస్తారు. అప్‌డేట్లు ఎన్నాళ్లు ఇస్తారో చాలామంది వేయరు. ఆపేసిన రోజు కబురూ పెట్టరు. కొత్త రకాలైతే మరీ విడ్డూరం. మన ఇంట్లో రూటర్ సెట్టింగ్ మార్చడానికి వాళ్ల సర్వర్‌లో మనం అకౌంట్ తెరవాలి, వాళ్ల యాప్ వేసుకోవాలి. ఆ యాప్‌లో రంగురంగుల గ్రాఫులుంటాయి, డబ్ల్యూపీఎస్ ఆపే మీట మాత్రం కనిపించదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం అందరికీ తెలిసిపోయే డిఫాల్ట్ పాస్‌వర్డ్‌లు పెట్టకూడదు, సెక్యూరిటీ అప్‌డేట్లు కనీసం ఎప్పటిదాకా ఇస్తారో చెప్పి తీరాలి. ఇంతమాత్రం చెప్పడానికి చట్టం కావాల్సి వచ్చింది!

సందేహం: కొత్త రూటర్ పెట్టాక స్మార్ట్ బల్బు కలవడం లేదు.

జవాబు: అలాంటి బల్బుల్లో ఎక్కువ భాగానికి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే తెలుసు, వైఫైకి తాళం వేసే కొత్త పద్ధతి డబ్ల్యూపీఏ3 తెలియదు. గెస్ట్ నెట్‌వర్క్‌ని (అతిథుల కోసం విడిగా ఇచ్చే వైఫై) 2.4లో, పాత పద్ధతి డబ్ల్యూపీఏ2తో తెరిచి బల్బుని అందులోకి పంపండి. మీ ల్యాప్‌టాప్ ఉన్న నెట్‌వర్క్‌లో దానికేం పని?