‘సౌత్ పార్క్: షెఫ్స్ లవ్ షాక్’ ఎలాంటి గేమ్? ఒక్కరే ఆడుకోవచ్చా?

పేరు చూసి వంటల గేమ్ అనుకునేరు. ఇది టీవీ క్విజ్ షో తరహా పార్టీ గేమ్. 1997లో అమెరికాలో కామెడీ సెంట్రల్ చానల్లో మొదలైన సౌత్ పార్క్ కార్టూన్ ఆధారంగా 1999లో అక్లెయిమ్ కంపెనీ తెచ్చింది. నింటెండో 64, ప్లేస్టేషన్, డ్రీమ్‌కాస్ట్ అనే గేమ్ కన్సోళ్ల మీద, పీసీల మీద వచ్చింది.

కార్టూన్లోని పిల్లలు స్టాన్, కైల్, కార్ట్‌మన్, కెన్నీ పోటీదారులు. యాంకర్ మాత్రం వాళ్ల స్కూల్లో వంటాయన షెఫ్. కార్టూన్లో ఆయనకు గొంతిచ్చిన సోల్ గాయకుడు ఐజాక్ హేస్ గొంతే ఇక్కడా వినిపిస్తుంది. కోటీశ్వరుడు షోలో లాగా హాట్ సీట్లో తీరిగ్గా ఆలోచిస్తానంటే కుదరదు. ప్రశ్న పడగానే బజర్ ఎవరు ముందు నొక్కితే వాళ్లదే ఛాన్స్. ప్రశ్నల మధ్యలో చిన్న చిన్న గేములు వస్తాయి, వాటిలో కొన్ని పాత ఆర్కేడ్ గేములకు వెక్కిరింపులు. నాకైతే ప్రశ్నలకంటే అవే సరదా.

నలుగురి వరకూ ఆడొచ్చు. నింటెండో 64కీ, డ్రీమ్‌కాస్ట్‌కీ నాలుగేసి కంట్రోలర్ పోర్టులుంటాయి కాబట్టి ఒకే సోఫాలో మోచేతులు తగిలించుకుంటూ కూర్చోవచ్చు. ప్లేస్టేషన్‌కి ఉన్నవి రెండే. ఒక్కరే ఆడొచ్చుగానీ, బజర్ దగ్గర పోటీ లేకపోతే ఉప్పులేని పప్పే. పైగా కొన్ని ఆటలయ్యాక ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తాయి.

అన్నట్టు, కార్టూన్ కదా అని పిల్లలకు ఇవ్వకండి. బూతు జోకులు బాగానే ఉంటాయి.