గుమ్మడి కాసింది, ఆనప ఎందుకు కాయలేదు?

ప్రశ్న: శ్రీకాకుళంలో మా మేడ మీద పెద్ద కుండీల్లో ఆనప, గుమ్మడి పాదులు పెట్టాను. గుమ్మడి బాగానే కాస్తోంది గానీ ఆనప పిందెలు బొటనవేలంత కాకముందే పసుపెక్కి రాలిపోతున్నాయి. అదే విత్తనంతో మందస దగ్గర కొండవార ఊళ్లో మా అమ్మ పెట్టిన పాదు విరగకాసింది. ఇక్కడ వీధి దీపం సరిగ్గా పందిరి మీదే పడుతుంది కనుక రాత్రిపూట కూడా పాదు చూసుకుంటూనే ఉన్నాను. పట్నంలో తేనెటీగలు లేకపోవడమే దీనికి కారణమా అండీ?
– ఒక గృహిణి, శ్రీకాకుళం

జవాబు: తేనెటీగలే లేకపోతే మీ గుమ్మడి కూడా కాసేది కాదు. ఈ రెండు పాదులకూ మగపువ్వులు, ఆడపువ్వులు విడివిడిగా పూస్తాయి. మగపువ్వులోని పుప్పొడిని ఏదో ఒక పురుగు ఆడపువ్వుకు చేర్చకపోతే, ఆ పువ్వు అడుగున మొదటినుంచీ ఉండే పిందె ఎదగకుండా రాలిపోతుంది. పట్నమంటే పురుగులు లేని చోటని అనుకోనక్కరలేదు. బ్రిటన్‌లోని బ్రిస్టల్, ఎడిన్‌బరో, లీడ్స్, రెడింగ్ నగరాల్లో జరిగి 2019లో వెలువడిన పరిశోధనలో, ఇళ్ల తోటలూ కూరగాయలు పెంచుకునే చిన్న మళ్లూ ఇటువంటి పురుగులకు మంచి నెలవులని తేలింది.

తేడా పువ్వు విచ్చే వేళలో ఉంది. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది కనుక తేనెటీగలకు అందుతుంది. ఆనప పువ్వు పొద్దువాలాక విచ్చుకుంటుంది. మసక చీకటిలోనూ కనబడే ఆ తెల్లని రేకుల దగ్గరికి వచ్చేవి ముఖ్యంగా రాత్రి తిరిగే చిమ్మటలు, అంటే సీతాకోకచిలుకల్లాంటి రెక్కల పురుగులు. మీరు మామూలుగా ప్రస్తావించిన వీధి దీపమే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది.

స్విట్జర్లాండ్‌లో ఆల్ప్స్ పర్వతాల అంచున, అంతవరకూ దీపమెరుగని పచ్చికబయళ్లలో పరిశోధకులు వీధి దీపాలు నిలబెట్టి, రాత్రిళ్లు పువ్వుల మీద వాలే పురుగులను లెక్కించారు. 2017లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, వెలుతురు పడిన చోట రాత్రిపూట పురుగుల రాక 62 శాతం తగ్గింది; వాళ్లు ప్రత్యేకంగా గమనించిన ఒక ముళ్లజాతి మొక్కకు పగలంతా పురుగులు వస్తూనే ఉన్నా, కాయకట్టు 13 శాతం పడిపోయింది. ఆ మొక్క వేరు, మన ఆనప వేరు. అయినా పగటి పురుగులున్న మొక్కకే లోటు పూడనప్పుడు, రాత్రి అతిథుల మీదే ఎక్కువగా ఆధారపడే ఆనపకు మరింత నష్టమని అనుకోవడానికి ఆస్కారముంది. మీ అమ్మగారి పందిరికి కొండవార చీకటి దక్కుతోంది.

నా అనుమానం నిజమో కాదో మీరే తేల్చవచ్చు. సాయంత్రం ఆనప పువ్వులు విచ్చగానే ఒక మగపువ్వును కోసి, రేకులు తీసి, దాని పుప్పొడిని ఆడపువ్వు నడుమ పుప్పొడిని అందుకునే భాగమైన కీలాగ్రానికి మెల్లగా అద్దండి. నాలుగైదు ఆడపువ్వులకు ఇలా చేసి, వాటికి దారం కట్టి గుర్తు పెట్టుకుని, మిగిలినవాటిని అలాగే వదిలేయండి. దారం కట్టినవి నిలిచి, తక్కినవి రాలితే లోపం పుప్పొడి అందకపోవడమే. అన్నీ రాలితే మాత్రం కుండీలోని మట్టి, నీటి ఎద్దడి, పండు ఈగ వంటి కారణాలను వెతకాలి. పరీక్ష ముగిశాక దీపం వైపు మాత్రమే ఒక గోనెపట్టా అడ్డంగా కట్టి, మిగతా వైపులు పురుగుల రాకకు తెరిచి ఉంచండి. పూత ఉన్నంతకాలం సాయంత్రం వేళ మందులు చల్లవద్దు. వేపనూనె అయినా సరే, పువ్వుల మీద పడనివ్వకండి.