జీఐఎస్‌లో పీజీ: ఎవరికి ఏ కోర్సు?

డిగ్రీ పరీక్షలు దగ్గరపడుతున్నందువల్ల కాబోలు, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో భౌగోళిక సమాచార వ్యవస్థలు (స్థలాల సమాచారాన్ని కంప్యూటర్ పటాలపై పొరలుగా అమర్చి విశ్లేషించే విద్య), అంటే జీఐఎస్‌లో పీజీ చదువు గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నాయి. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాము.

ప్రశ్న: అనంతపురంలో బి.ఎస్సీ. భూగర్భశాస్త్రం చివరి సంవత్సరం చదువుతున్నాను. జీఐఎస్‌లో పీజీ చేయాలని ఉంది. సాఫ్ట్‌వేర్ వస్తే చాలని, దానికోసం రెండేళ్లు చదవనక్కరలేదని ఒక శిక్షణ సంస్థ వారు చెబుతున్నారు. నిజమేనా? చదివితే ఎం.ఎస్సీ. మంచిదా, ఎం.టెక్. మంచిదా?

జవాబు: వారి మాటలో సగం నిజం ఉంది. సాఫ్ట్‌వేర్ వరకే అయితే రెండేళ్లు అక్కరలేదు. క్యూజీఐఎస్ అనే జీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది; పొరలు కలపడం, హద్దులు గీయడం, పటం తయారుచేయడం వంటివి శ్రద్ధ ఉన్నవారు ఇంట్లోనే కొద్ది నెలల్లో నేర్చుకోగలరు. డెహ్రాడూన్‌లోని భారత రిమోట్ సెన్సింగ్ (దూరం నుంచి, ఉపగ్రహాల వంటి వాటితో భూమిని పరిశీలించడం) సంస్థ, అంటే ఐఐఆర్‌ఎస్, ఉచితంగా ఆన్‌లైన్ పాఠాలు కూడా చెబుతుంది. అయితే అంతమాత్రం నైపుణ్యంతో దొరికేది చాలావరకు డిజిటైజింగ్ ఉద్యోగమే. ఉపగ్రహ చిత్రాన్ని తెరమీద పెట్టుకుని ఇళ్లు, రోడ్లు, చెరువు గట్లు పొద్దస్తమానం గీస్తూ, గంటకు ఎన్ని గీశారో లెక్క చెప్పుకోవలసిన పని అది. ఇళ్లను, రోడ్లను చిత్రం నుంచి తనంతట తాను గుర్తించే ప్రోగ్రాములు వచ్చాక ఆ పని కూడా తగ్గుతోంది.

పీజీలో నేర్చుకోవలసింది వేరు. మీ జిల్లానే తీసుకోండి. గట్టి రాతి నేల కాబట్టి నీరు రాతి పగుళ్లలోనే నిలుస్తుంది. ఉపగ్రహ చిత్రంలో ఆ పగుళ్లు పొడవాటి సన్నని గీతలుగా కనిపిస్తాయి. బోరు ఎక్కడ వేయాలో సూచించే పటాలకు అవే ఆధారం. కాని చిత్రంలో కనిపించే తిన్నని గీత ప్రతిదీ పగులు కాదు. బండ్లబాట కావచ్చు, కాలువ కావచ్చు, రెండు పొలాల మధ్య కంచె కావచ్చు. పగులు అయినా, దానిలో బంకమట్టి నిండిపోయి ఉంటే నీరు పడదు. ఈ తేడా సాఫ్ట్‌వేర్ చెప్పదు, భూగర్భశాస్త్రం చెబుతుంది. భారతదేశంలో రిమోట్ సెన్సింగ్ తొలి ప్రయోగమే దీనికి సాక్ష్యం: 1970 ప్రాంతంలో శాస్త్రవేత్త పి.ఆర్. పిషారోటి బృందం కేరళ కొబ్బరితోటలను ఆకాశం నుంచి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ముపై ఫొటోలు తీసి వేరు వడలు తెగులు సోకిన చెట్లను గుర్తించింది. ఏ రంగు ఛాయ తెగులును సూచిస్తుందో చెప్పడానికి కొబ్బరిని ఎరిగినవారు కావాలి. కెమెరా ఒక్కటే ఉంటే ఆ పని జరగదు.

కాబట్టి మీకు నా సలహా, భూగర్భశాస్త్రాన్ని వదలవద్దని. ఎం.టెక్.లో చేరడానికి సాధారణంగా బి.టెక్. గాని ఎం.ఎస్సీ. గాని ఉండాలి కనుక, మీరు ముందు ఎం.ఎస్సీ. చేయవలసిందే. పుణెలోని సింబయోసిస్ వంటి చోట్ల నేరుగా జీఐఎస్‌కు సంబంధించిన జియోఇన్‌ఫర్మాటిక్స్‌లో ఎం.ఎస్సీ. ఉంది. నన్ను అడిగితే, ఎం.ఎస్సీ. మీ సబ్జెక్టులోనే చేసి, ప్రాజెక్టును భూగర్భజలాలపై జీఐఎస్‌తో చేసి, ఆ తరువాత ఐఐఆర్‌ఎస్ ఎం.టెక్.కు ప్రయత్నించడం మేలు. అక్కడ భూశాస్త్రాలు, జలవనరులు, వ్యవసాయం, అడవులు, పట్టణ ప్రణాళిక అంటూ వేర్వేరు శాఖలు ఉన్నాయి; పట్టాను ఇస్తూ వచ్చింది మన ఆంధ్ర విశ్వవిద్యాలయమే.

ప్రశ్న: వరంగల్‌లో సివిల్ బి.టెక్. పూర్తయింది. ఎం.టెక్.కు గేట్‌లో ఏ పేపరు రాయాలి? ఈ రంగంలో ప్రభుత్వ ఉద్యోగాలు ఉంటాయా?

జవాబు: గేట్‌లో 2022 నుంచి జియోమాటిక్స్ ఇంజనీరింగ్ (భూమి కొలతలు, పటాల శాస్త్రం) అనే ప్రత్యేక పేపరు ఉంది. ఉమ్మడి భాగం తరువాత సర్వేయింగ్, ఇమేజ్ ప్రాసెసింగ్‌లలో ఒకదాన్ని ఎంచుకోవచ్చు. సివిల్ వారికి మొదటిది సులువు. ఐఐటీ బొంబాయిలో దీనికి ప్రత్యేక కేంద్రమే ఉంది, కాన్పూర్, రూర్కీలలో సివిల్ విభాగాల్లోనే ఈ చదువు ఉంది. రాష్ట్రంలోనే ఉండాలనుకుంటే పీజీఈసెట్‌లో జియో ఇంజనీరింగ్, జియో ఇన్‌ఫర్మాటిక్స్ పేపరు రాయండి.

ఉద్యోగాల సంగతి కొంచెం నిదానంగా ఆలోచించవలసినది. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ), ఉప్పల్‌లోని సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయాలు మన ముంగిటనే ఉన్నా, శాశ్వత పోస్టులు కొద్దిగానే పడతాయి. ఎక్కువ పని ప్రాజెక్టుల రూపంలో వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 చివరలో మొదలైన భూముల రీసర్వేకు డ్రోన్లు, రోవర్లు (ఉపగ్రహ సంకేతాలతో స్థానాన్ని కొలిచే పరికరాలు) వచ్చాయి. కేంద్రం 2021లో పటాల తయారీపై ఉన్న ఆంక్షలను సడలించి, 2022లో జాతీయ జియోస్పేషియల్ విధానాన్ని ప్రకటించాక ప్రైవేటు సంస్థలకు దారి తెరుచుకుంది. ఈ పనుల్లో కొలత తెలిసిన సివిల్ పట్టభద్రులకు విలువ ఉంది. పాత టిప్పన్‌ను (పొలం కొలతలు రాసిన సర్వే చిత్తును), గ్రామ నక్షాను చదవగలిగి, రోవర్ చూపే అక్షాంశ రేఖాంశాలకు వాటిని సరిపెట్టగలిగిన వారి అవసరం సర్వే జరిగే ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. ప్రాజెక్టు ముగిస్తే కాంట్రాక్టు కూడా ముగుస్తుందని మాత్రం ముందే తెలుసుకుని దిగండి.

ప్రశ్న: మాది పలాస. కంప్యూటర్ సైన్స్ చదివాను, పైథాన్ బాగా వచ్చు. జీఐఎస్ ఎం.టెక్.లో చేరబోతున్నాను. చేరేలోపు ఏమి చదవాలి?

జవాబు: కోడింగ్ వచ్చినవారు ఎక్కువగా జారిపడేది ప్రొజెక్షన్ల దగ్గర. గుండ్రని భూమిని చదునుగా పరచేటప్పుడు వైశాల్యమో, ఆకారమో, దూరమో కొంత చెడుతుంది. ఏది చెడుతోందో తెలియకుండా రాసిన ప్రోగ్రాము ఏ పొరపాటూ చూపకుండా నడిచి, తప్పు జవాబు ఇస్తుంది. అంతర్జాలంలోని పటాలు సాధారణంగా వాడే వెబ్ మెర్కేటర్‌లో హైదరాబాద్ దగ్గర 100 ఎకరాల భూమిని చదును లెక్కలో కొలిస్తే సుమారు 110 ఎకరాలు వస్తుంది. అదే శ్రీనగర్ దగ్గరైతే 145 దాటుతుంది. కొలిచిన వారికి ఎక్కడా ఎర్రగీత కనిపించదు! క్యూజీఐఎస్‌లో వైశాల్యానికి రెండు ఫంక్షన్లు ఉంటాయి. ఒకటి భూమి వంపును లెక్కలోకి తీసుకుంటుంది, రెండోది తీసుకోదు. ఒకే పొలానికి రెండూ వాడి చూడండి.

వెబ్ మెర్కేటర్ వద్దని యూటీఎం అనే మరో ప్రొజెక్షన్‌కు వెళ్లినా చిక్కు తీరదు. యూటీఎం భూమిని ఆరేసి డిగ్రీల మండలాలుగా విడదీస్తుంది. 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశం వరకు 44వ మండలం కనుక మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువ భాగం అందులోనే ఉంది. కాని శ్రీకాకుళం పట్టణం 44లో ఉంటే మీ పలాస, ఇచ్ఛాపురం 45లో ఉన్నాయి. అటు కదిరి 44లో ఉంటే పుట్టపర్తి 43లో ఉంది. జిల్లా మొత్తానికి పని చేయవలసి వచ్చినప్పుడు ఏ మండలాన్ని ఎంచుకుంటారు, అంచున ఎంత తేడా వస్తుంది అన్నది మీరే లెక్క కట్టి చూసుకోండి. అది చేయగలిగితే మొదటి సెమిస్టర్‌లో సగం భయం పోతుంది.

ఆ తరువాత పిక్సెల్ (చిత్రంలోని అతిచిన్న గడి) పరిమాణం. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో అత్యంత సూక్ష్మమైన పిక్సెల్ 10 మీటర్లు, అంటే ఎకరానికి సుమారు 40 పిక్సెళ్లు. 30 మీటర్ల ల్యాండ్‌శాట్‌లో నాలుగైదే. అర ఎకరం కమతాన్ని ల్యాండ్‌శాట్‌లో వెదికితే గట్టు, పక్క పొలం, మన పొలం అన్నీ ఒకే పిక్సెల్‌లో కలిసిపోతాయి. దాని మీద ఎంత గొప్ప మెషీన్ లెర్నింగ్ నడిపినా లేని వివరం పుట్టదు. గణాంకశాస్త్రం, ముఖ్యంగా శాంపిలింగ్, మరచిపోయి ఉంటే మళ్లీ చదవండి. పోస్ట్‌జీఐఎస్ అనే పటాల డేటాబేస్ సాధనం కూడా నేర్చుకోండి, డేటాబేస్ తెలిసినవారికి అది వారం రోజుల పని.

ప్రశ్న: మా అబ్బాయి జీఐఎస్‌లో ఎం.ఎస్. చేయడానికి అమెరికా వెళ్తానంటున్నాడు. అప్పు చేసి పంపవచ్చా?

జవాబు: అమెరికా ఒక్కటే కాదు. నెదర్లాండ్స్‌లో, 1950లో స్థాపించిన ఐటీసీ అనే పటాల, సర్వే విద్యాసంస్థ ఇప్పుడు ట్వెంటే విశ్వవిద్యాలయంలో భాగంగా ఉంది. మన ఐఐఆర్‌ఎస్ 1966లో మొదలైంది ఆ సంస్థ సహకారంతోనే. యూరప్‌లో ఉపకారవేతనాలు ఇచ్చే ఉమ్మడి మాస్టర్స్ కోర్సులు కూడా ఉన్నాయి. వాటిని చూడకుండా అప్పుకు వెళ్లవద్దు.

అమెరికానే ఖాయమైతే ఒక విషయం రాతపూర్వకంగా అడిగించండి. చదువు తరువాత 12 నెలల ఓపీటీకి, అంటే అక్కడే ఉద్యోగం చేసుకునే అనుమతికి, మరో 24 నెలల పొడిగింపు, కోర్సు కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంటేనే దొరుకుతుంది. ఒకే రకం కోర్సును ఒక విశ్వవిద్యాలయం ఒక కోడ్ కింద, మరొకటి వేరే కోడ్ కింద నమోదు చేసే వీలుంది కాబట్టి, కోర్సు పేరు చూసి నిశ్చయించుకోకుండా కోడ్ అడగాలి. దానితోపాటు గత రెండేళ్లలో ఆ విభాగం విద్యార్థులు చేసిన థీసిస్‌ల జాబితాను తెప్పించుకుని, మీ అబ్బాయి డిగ్రీలో చదివిన దానికి దగ్గరగా పని చేయించే ఆచార్యులు అక్కడ ఉన్నారో లేరో చూడమనండి. రెండింటికీ జవాబు చేతికి వచ్చాకే బ్యాంకుకు వెళ్లండి.