పశువైద్యశాలలో చేరుతున్న మేనకోడలికి

చిరంజీవి గౌరికి, మీ పెద్ద మావయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం.

రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా పూర్తయిందనీ, వచ్చే వారం బొబ్బిలి దగ్గరి పశువైద్యశాలలో డాక్టరుగారి కింద సహాయకురాలిగా చేరుతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఏ జబ్బుకు ఏ మందో ముందుగా రాసి పంపమన్నావట. మందు సంగతి డాక్టరుగారు చూసుకుంటారు. నువ్వు మొదట నేర్చుకోవలసింది పశువును పట్టడం, చూడడం, చూసినదాన్ని ఉన్నదున్నట్టు ఆయనకు చెప్పడం.

ఆడపిల్ల ఏం పట్టగలదని ఊళ్లో కొందరు నవ్వుతారు, నవ్వనీ. పశువును పట్టడానికి బలం కంటే తీరు ముఖ్యం. పాలు పితికేవారు రోజూ ఏ వైపు నుంచి వస్తారో అడిగి, నువ్వూ ఆ వైపు నుంచే పలకరిస్తూ వెళ్లి, ముందు వీపు మీద చేయి వెయ్యి. ఆవు వెనక కాలిని పక్కకు విసురుతుంది కాబట్టి దాని భుజానికి ఆనుకొని నిలబడాలి, లేదా పూర్తిగా దూరంగా ఉండాలి. చేతికందేంత దూరంలో తటపటాయిస్తూ నిలబడినవారికే దెబ్బ గట్టిగా తగులుతుంది. పలుపును ఒక్క లాగుతో ఊడే ముడితోనే కట్టించు, ఎందుకంటే కట్టిన పశువు కూలబడితే ముడి విప్పే వ్యవధి ఉండదు. వీలైతే మానాపురం సంతలో ఒక పూట నిలబడి, కొత్త పశువును బేరగాళ్లు ఎలా మళ్లిస్తారో చూడు. వాళ్లు తోక మెలిపెట్టే పద్ధతి మాత్రం నేర్చుకోకు.

ఏ పశువు వచ్చినా సూది కంటే ముందు థర్మామీటరు పెట్టాలి. దానికి దారం కట్టి, క్లిప్పుతో తోక వెంట్రుకలకు తగిలించి, మలద్వారంలో గోడకు ఆనేలా ఏటవాలుగా రెండు నిమిషాలు ఉంచు. పేడ ముద్దలో గుచ్చితే జ్వరం ఉన్నా లేనట్టే చూపిస్తుంది. ఆవుకు మామూలుగా 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు అటూ ఇటూ ఉంటుంది, కానీ మిట్టమధ్యాహ్నం ఎండలో నడిపించుకొచ్చిన గేదెకు జ్వరం లేకపోయినా ఎక్కువ చూపుతుంది కనుక కాసేపు నీడన కట్టించి మళ్లీ చూడు. నెమరు వేస్తోందా, పేడ ఎలా వేస్తోంది, పాలు ఏ పూట నుంచి తగ్గాయి, ఈని ఎన్నాళ్లయింది అన్నవి పశువును తోలుకొచ్చిన మగవాణ్ని కాదు, ఇంట్లో పాలు పితికే ఆమెను అడుగు. నా అనుభవంలో సగం రోగం ఆమె మాటల్లోనే బయటపడేది.

ఒక విషయంలో నా మాట తప్పక పాటించాలి. పశువు చొంగ కారుస్తూ, గొంతు మారి అరుస్తూ ఉంటే ఏదో అడ్డుపడిందని ఇంటివాళ్లు చెబుతారు. నోట్లో చేయి పెట్టకు. అది పిచ్చికుక్క కరిచిన పశువు కావచ్చు. రేబీస్ టీకా ఉద్యోగంలో చేరే ముందే వేయించుకో. అలాగే ఉన్నట్టుండి చచ్చిపోయి, ముక్కు నుంచీ మలద్వారం నుంచీ గడ్డకట్టని నల్లటి రక్తం కారుతున్న పశువును ఎవరినీ కోయనివ్వకు. దొమ్మ రోగమైతే (ఆంత్రాక్స్), కోసినవారికీ ఆ నేలకూ ముప్పే. చూళ్లు పోగొట్టే బ్రూసెల్లా రోగానికి టీకా నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యలకు ఒక్కసారే వేస్తారు. అందులో ఉన్నవి బతికున్న క్రిములు. సూది మన వేలికి గుచ్చుకున్నా ఆ రోగం అంటుతుంది కాబట్టి చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా సీసా మూత తీయవద్దు.

ఎద సూదుల పని, అంటే కృత్రిమ గర్భధారణ కూడా నీకు అప్పగిస్తారు. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం వెయ్యాలి. గేదెలది మూగ ఎద. అరవవు, కాబట్టి తెల్లవారుజామున పడుకున్నచోట జిగురు తీగలు పడ్డాయేమో చూడమని రైతులకు చెప్పు. మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ ద్రవ నైట్రోజన్‌లోంచి తీసిన వీర్యపు గొట్టాన్ని (స్ట్రా) 37 డిగ్రీల సెల్సియస్ నీటిలో అర నిమిషం ఉంచాలి. ఆ నీటి వేడిని వేలితో కాదు, థర్మామీటరుతో చూడు. ఇక్కడి తొందరపాటే సూది నిలవకపోవడానికి ఒక కారణం, తిట్లు మాత్రం ఆవుకు పడతాయి.

ఊళ్లో అడుగుపెట్టగానే నిన్ను డాక్టరమ్మా అని పిలుస్తారు, రాత్రివేళ ఇంటికొచ్చి చేతిలో డబ్బు పెడతారు. 1984 నాటి పశువైద్య మండలి చట్టం ప్రకారం డిప్లొమా ఉన్నవారు రిజిస్టరైన పశువైద్యుడి పర్యవేక్షణలో చిన్న సేవలు మాత్రమే చేయాలి. ఈనిన ఆవు పాల జ్వరంతో పడిపోతే కాల్షియం ఎక్కిస్తే లేస్తుందని నీకూ తెలుసు, కానీ అది నరంలోకి వేగంగా వెళితే గుండె ఆగిపోతుంది. అప్పుడు ఫోను చేసి, డాక్టరుగారు వచ్చేదాకా ఆవును పక్కకు ఒరగకుండా రొమ్ము మీద కూర్చోబెట్టి ఉంచడమే నీ పని. మందుల దుకాణంవాడు నొప్పికి డైక్లోఫెనాక్ ఇస్తే తీసుకోకు. రాబందుల చావుకు కారణమైందని పశువులకు దాన్ని 2006లోనే నిషేధించారు.

మన జిల్లాలోనే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. చేయిదాటిన కేసును డాక్టరుగారు అక్కడికి పంపిస్తే, సెలవు పెట్టుకొనైనా వెంట వెళ్లు. చూసిన ప్రతి పశువునూ చెవి పోగు నంబరుతో సహా ఒక పుస్తకంలో రాసుకో. దసరాకు వచ్చేటప్పుడు ఆ పుస్తకం తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ పెద్ద మావయ్య