మనాలి–లేహ్ దారిలో కారు నడపబోతున్న మా అబ్బాయికి

విజయవాడ

చిరంజీవికి ఆశీస్సులు.

జూలైలో మనాలి నుంచి లేహ్ వరకు నువ్వూ తమ్ముడూ కారు నడుపుకుంటూ వెళ్తున్నారని మీ అమ్మ చెప్పగానే ఎంతో సంతోషించాను. ఆ దారి ఎరిగినవాణ్ని కనుక అసలు మాట ముందే చెబుతున్నాను: అక్కడ మలుపులకన్నా ఎత్తుతోనే ఎక్కువ ప్రమాదం, కాబట్టి సెలవులు తక్కువైతే చూసే చోట్లు తగ్గించుకోండి గాని కొండ ఎక్కే వేగం పెంచవద్దు.

మనం కృష్ణ ఒడ్డున, ఇంచుమించు సముద్రమట్టంలో బతికేవాళ్లం. తంగ్‌లంగ్ లా కనుమ ఎత్తు 5,300 మీటర్ల పైమాటే; అక్కడ ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ ఇక్కడి దానిలో సుమారు సగం. ఆక్సిజన్ తగ్గి వచ్చే ఎత్తు జబ్బుకు తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదట కనిపించే లక్షణాలు. నడకలో తూలినా, ఊరికే కూర్చున్నా ఆయాసం వచ్చినా, వెంటనే కిందికి దిగవలసిందే. అయితే ఈ దారిలో ఉన్న చిక్కంతా అదే. సర్చు దాటి, గాటా లూప్స్‌లో 21 మలుపులు ఎక్కి, పాంగ్ చేరుకున్నాక ఒంట్లో బాగాలేకపోతే, ముందుకు వెళ్లడానికి తంగ్‌లంగ్ లా, వెనక్కి రావడానికి లాచులుంగ్ లా, ఆపైన బారాలాచా లా కనుమలు అడ్డంగా ఉంటాయి. అంటే దిగాలన్నా ముందు ఎక్కాలి. అందువల్ల అంత ఎత్తున సర్చు గుడారాల్లో నిద్రించాలన్న సరదా మానుకొని, సుమారు 3,200 మీటర్ల ఎత్తున ఉన్న జిస్పాలో రెండు రాత్రులు ఉండి, మూడో నాడు తెల్లవారుతుండగా బయలుదేరి, ఇద్దరూ మార్చి మార్చి నడుపుతూ అదే రోజు 3,500 మీటర్ల లేహ్‌కు దిగిపోవడం మేలని నా అభిప్రాయం. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్రల సంగతి ఇక్కడే డాక్టరుగారిని అడుగు; మందుల షాపులో అడిగి కొనుక్కోవద్దు.

వేకువనే బయలుదేరమనడానికి మరో కారణం ఉంది. ఎండ ముదిరేకొద్దీ మంచు కరిగి, రోడ్డు మీదుగా పారే వాగులు మధ్యాహ్నానికి ఉధృతమవుతాయి. జింగ్‌జింగ్‌బార్ చుట్టుపక్కల వాగు అడ్డం వస్తే, ముందు వెళ్లే లారీ చక్రాలు ఎంతవరకు మునుగుతున్నాయో చూసి, మొదటి గేరులోనే, మధ్యలో ఆగకుండా, ఒకే వేగంతో దాటించు.

దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టు వదులుతాయి. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలి. ఇది చేతికి అలవాటు కావాలంటే, వెళ్లేలోగా ఒకసారి దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ రోడ్డు ఎక్కి దిగి రా. ఇరుకైన చోట ఎదురుగా పైకి వచ్చే బండికే ముందు దారి ఇవ్వాలి. ఫోటోల కోసం మలుపులో బండి ఆపనే వద్దు.

జిస్పాకు ముందే వచ్చే తాండి పెట్రోలు బంకులో ట్యాంకు నిండా పోయించుకో. తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని చెప్పే బోర్డు అక్కడే ప్రసిద్ధి. దారిలో దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. మన ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ తీసుకో. లేహ్ చేరగానే మీ అమ్మకు ఫోను చెయ్యి.

ఇట్లు,
మీ పెదనాన్న