మేమంతా ఉండగా బయటివాళ్లెందుకు?

మేడమ్, మాది తెనాలి దగ్గర ఒక పల్లె. నా వయసు 58. మా చిన్నబ్బాయి, కోడలు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. మనవడికి ఐదో నెల నడుస్తోంది. వియ్యపురాలికి మోకాలి ఆపరేషన్ కావడంతో కోడలు మూడో నెలలోనే పుట్టింటి నుంచి వచ్చేసింది. అప్పటి నుంచి నేనే ఇక్కడ ఉండి బాబుకు నీళ్లు పోయడం దగ్గర్నుంచి వంట దాకా చూసుకుంటున్నాను. ఉగ్గు పెడదామంటే మాత్రం ఆరో నెల నిండాలంటుంది. సరే, అదలా ఉంచండి. ఆ పిల్ల ముఖంలో కళ లేదు. బాబు పడుకున్నా తను కళ్లు తెరుచుకునే ఉంటుంది. బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పుకొని ఏడుస్తుంది. ఇంకో నెలలో ఆఫీసుకు వెళ్లాలి.

మా అపార్ట్‌మెంట్‌లో కొత్తగా కాన్పయినవాళ్లు నలుగురైదుగురు ప్రతి బుధవారం సాయంత్రం కింద పార్కులో కలుస్తున్నారు. వాట్సాప్‌లోనూ గ్రూపు పెట్టుకున్నారు. మొన్న చలిగాలి వీస్తోందని బాబును తెచ్చేద్దామని వెళితే, ‘వీణ్ని ఎత్తుకున్నా ఒక్కోసారి నాకేమీ అనిపించదు’ అని కోడలు వాళ్లతో చెబుతోంది. నా గుండె జారిపోయింది. ఆ మాట మాతో అనొచ్చు కదా! మేమంతా ఉండగా బయటివాళ్లెందుకు? ఇంటిగుట్టు పార్కులో పెడితే రేపు నలుగురూ నాలుగు మాటలు అనరా? మా అబ్బాయిని అడిగితే ‘వెళ్లనీ అమ్మా’ అని లాప్‌టాప్‌లో తల దూర్చేస్తాడు. నాకూ పెద్దాడు పుట్టినప్పుడు కొన్నాళ్లు ఇలాగే ఉండేది. ఎవరికి చెప్పుకున్నాను? అదే పోయింది.

— ఒక అత్తగారు, హైదరాబాద్

అమ్మా, వెళ్లనివ్వండి. ముందు ఈ మాట చెప్పేసి తర్వాత మిగతావి మాట్లాడుకుందాం. అయితే పార్కుకు వెళ్లడం ఒక్కటే సరిపోదు. మీ కోడలిని డాక్టరుకు కూడా చూపించాలి, అదీ ఈ వారంలోనే.

మీతో ఎందుకు చెప్పలేదన్నది మీ బాధ. ఆమె వైపు నుంచి ఒక్కసారి చూడండి. ‘మీ మనవణ్ని ఎత్తుకుంటే నాకేమీ అనిపించడం లేదండీ’ అని ఏ కోడలైనా అత్తగారితో అనగలదా? అనడానికి నోరొచ్చినా, విన్న మీకు గుండె జారుతుంది. జారిందని మీరే రాశారు. అప్పుడు తన బాధతో పాటు మీ కంగారును కూడా ఆమే సర్దాలి. కన్నతల్లితో చెప్పినా అంతే, ఆపరేషన్ కాలితో ఆవిడ మంచం మీదే కూర్చుని ఏడుస్తుంది. మొగుడితో చెబితే ‘రేపు లీవు పెట్టనా?’ అంటాడు. పార్కు బెంచీ మీది అమ్మాయి మాత్రం భుజం మీద పాలు కక్కిన గుడ్డతోనే తలెత్తి, ‘నాకూ రెండో నెలంతా అంతే’ అంటుంది. కంగారు పడదు, సలహా చెప్పదు. ఆ ‘నాకూ’ అన్న మాట మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను ఎన్ని చెప్పినా, అదే నెల బిడ్డను ఒళ్లో పెట్టుకున్న మనిషి చెప్పినట్టు ఉండదు.

ఇలాంటి సమావేశాల్లో నేనూ కూర్చున్నాను. మీరు అనుకుంటున్నట్టు అత్తల మీద చాడీలు పెద్దగా ఉండవు (అసలు ఉండవని అబద్ధం చెప్పను). సగం సేపు విరేచనాలు, డైపర్లు, రాత్రి ఎన్నిసార్లు లేచారన్న లెక్కలే. ఆ లెక్కల మధ్యలో ఎవరో ఒకరు, ‘బిడ్డ ఏడుస్తుంటే నిద్ర నటిస్తున్నా, ఆయన లేస్తారని’ అంటారు. అందరూ నవ్వుతారు. ఆ నవ్వు అయ్యేలోపే అన్న పిల్ల కళ్లు తుడుచుకుంటుంది. పక్కనున్నావిడ ఏమీ అనకుండా ఒళ్లోని బిడ్డను అందుకుంటుంది. అంతే. బయటి నుంచి చూస్తే కాలక్షేపంలా ఉంటుంది కానీ, వారమంతా ఎవరికీ చెప్పలేని మాట అక్కడ బయటపడుతుంది.

ఇది నా ఒక్కదాని నమ్మకం కాదు. కెనడాలోని ఒంటారియోలో డిప్రెషన్ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న 701 మంది కొత్త తల్లులను తీసుకుని, వాళ్లలో సగం మందికి, గతంలో అదే బాధ పడి బయటపడిన తల్లులతో ఫోన్లు చేయించారు. ఆ తల్లులు డాక్టర్లు కారు, కొద్దిపాటి శిక్షణ తీసుకున్న మామూలు ఆడవాళ్లు. కాన్పయిన 12 వారాలకు చూస్తే, ఫోన్లు అందుకున్నవాళ్లలో 14 శాతం మందికి, అందుకోనివాళ్లలో 25 శాతం మందికి డిప్రెషన్ ఉంది. 2009లో వచ్చిన ఫలితం ఇది. మన గోవాలోనూ ఇరుగుపొరుగు ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, ‘సఖి’ అని పేరు పెట్టి, గర్భిణుల దగ్గరికి, బాలింతల దగ్గరికి పంపారు. అక్కడ ఫలితం అద్భుతమేమీ కాదు, ఓ మోస్తరు. నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం జార్ఖండ్, ఒడిశా పల్లెల సంగతి. అక్కడ ఆడవాళ్లు నెలకోసారి కూర్చుని పసిపిల్లల ప్రాణాలు ఎలా నిలబెట్టాలన్నదే మాట్లాడుకున్నారు. పసికందుల మరణాలు బాగా తగ్గాయి. దిగులు గురించి ఎవరూ పాఠం చెప్పకపోయినా, మూడో ఏడాదికి తల్లుల్లో ఓ మాదిరి డిప్రెషన్ సగానికి పైగా తగ్గింది.

ఇక డాక్టరు ఎందుకంటారా? కాన్పయిన రెండు మూడు రోజులకు ఊరికే ఏడుపు రావడం, చిరాకు పడటం చాలామందికి ఉంటుంది. అది రెండు వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. మీ కోడలికి ఐదో నెల. బిడ్డ పడుకున్నప్పుడు కూడా నిద్ర పట్టకపోవడం, చాటుగా ఏడవడం, బిడ్డను ఎత్తుకున్నా ఏమీ అనిపించకపోవడం, ఇవన్నీ కలిపి చూస్తే బాలింత డిప్రెషన్ అయ్యుండొచ్చు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి 2017లో లెక్క తీస్తే, ప్రతి వందమంది తల్లుల్లో 22 మందిలో ఇది కనిపించింది. కాబట్టి ఆమె చదువు వల్ల వచ్చింది కాదు, గారాబం వల్ల వచ్చిందీ కాదు. ఏమీ అనిపించడం లేదంటే బిడ్డ మీద ప్రేమ లేదని కూడా కాదు. అది జబ్బు చేసే పని, జబ్బు తగ్గితే మమకారం కనబడుతుంది.

సైకియాట్రిస్ట్ అనగానే ఎర్రగడ్డ గుర్తొచ్చి భయపడకండి. కాన్పు చేసిన గైనకాలజిస్ట్ దగ్గరే మొదలుపెట్టొచ్చు. పది ప్రశ్నల కాగితం ఒకటి ఉంది, గత వారం రోజులుగా ఎలా ఉందో అడుగుతుంది. దాంతో చాలావరకు తెలుస్తుంది. థైరాయిడ్, రక్తం తక్కువ ఉందేమో కూడా చూస్తారు. కాన్పయిన ఏడాదిలోపు కొందరికి థైరాయిడ్ అటూ ఇటూ అవుతుంది, అదీ మనిషిని ఇలాగే కుంగదీయొచ్చు. మందులు అవసరమైతే, పాలిచ్చే తల్లులకు ఇవ్వదగ్గవి ఉన్నాయి. సెర్ట్రలిన్ లాంటివి పాలలోకి చాలా తక్కువగా వెళ్తాయి. ‘మందులు మొదలుపెడితే పాలు మాన్పించాలి’ అని ఎవరైనా అంటే నమ్మకండి, డాక్టరునే అడగండి. ఫలితం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో ఆపనివ్వకండి. ఇంట్లో నుంచే మాట్లాడాలంటే 14416 ఉంది. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది. పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. చచ్చిపోవాలని ఉందన్నా, బిడ్డకు ఏదైనా చేసేస్తానేమోనని భయపడినా, లేని మాటలు వినిపిస్తున్నా, ‘వీడు నా బిడ్డ కాదు’ లాంటి పొంతన లేని మాటలు మొదలైనా, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అప్పటిదాకా ఒంటరిగా వదలొద్దు. గాలి సోకిందనో, దిష్టి అనో తిప్పి తీయడంతో సరిపెట్టొద్దు. ‘ఆసుపత్రిలో పెడితే బిడ్డను వేరు చేస్తారు’ అన్న భయం చాలామందిది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా తల్లి నుంచి వేరు చేయకూడదనే చెబుతోంది.

ఇంటిగుట్టు సంగతికి వద్దాం. మీ భయం పూర్తిగా పిచ్చిదని నేననను. చెడ్డ గ్రూపులు ఉంటాయి. ‘మావాడు అప్పుడే బోర్లాపడ్డాడు, మీవాడు ఇంకా పడలేదా?’ అంటే ఇక ఆ రాత్రి ఈ తల్లికి నిద్రే ఉండదు. ఎవరో ఒకావిడ పౌడర్ అమ్ముతుంది, ఇంకొకావిడ తన బిడ్డకు రాసిచ్చిన మందు వీడికీ పొయ్యమంటుంది. రాత్రి రెండింటికి వాట్సాప్ టింగుమంటుంది. మంచి గ్రూపు అయితే నలుగురైదుగురు మించరు, అక్కడి మాటలు అక్కడే ఉంటాయి, ఫొటోలు ఎక్కడా పెట్టరు, పిల్లల బరువులు పోల్చరు, మందులు చెప్పరు. గుట్టుకు ఒకే ఒక్క మినహాయింపు ఉంటుంది. ఎవరైనా బతకాలని లేదంటే, ఆ మాట ఇంట్లోవాళ్లకు చేరవేస్తారు. ఇది ముందే అనుకుని ఉండాలి. ఈ నియమాలు మీరు వెళ్లి పార్కులో చదవక్కర్లేదు లెండి. మీ అబ్బాయితో చెబితే, అతను భార్యతో మాటల్లో చెబుతాడు. పైగా ఆఫీసుకు వెళ్లాక పాలు ఎలా పిండి దాచాలి, ఏ కంపెనీలో క్రెష్ ఉంది లాంటివి కూడా ఆ తల్లులకే బాగా తెలుస్తాయి.

మన ఊళ్లలో ఇవన్నీ అరుగుల మీదే జరిగేవి కదా, గ్రూపులు ఎందుకు అని మీకు అనిపించవచ్చు. చాలామంది అంటారు. కానీ మీ ఉత్తరంలో చివరి వాక్యాలు చూడండి. మీ చుట్టూ అరుగులు, అమ్మలక్కలు, ఇంటినిండా మనుషులు ఉన్నా మీరు ఎవరికీ చెప్పుకోలేదు. కాబట్టి మనుషులు ఉంటే చాలదు, చెప్పుకోదగ్గ మనుషులు ఉండాలి. మీకు అప్పుడు దొరకనివాళ్లు ఆమెకు దొరికారు.

ఆ మాట మీ కోడలితో చెప్పండి. అయితే చెప్పే తీరు చూసుకోండి. ‘మేం పడలేదా? అదే పోతుంది’ అన్నారనుకోండి, ఇక ఆమె జన్మలో మీతో పెదవి విప్పదు. ‘నాకూ పెద్దాడప్పుడు ఇలాగే ఉండేదమ్మా, ఎవరికీ చెప్పుకోలేకపోయాను’ అని ఊరుకోండి. పక్కన కూర్చుని బట్టలు మడతపెడుతూ చెప్పినా చాలు. ఆమె వెంటనే ఏమీ అనకపోవచ్చు, మరుసటి బుధవారం మళ్లీ పార్కుకే వెళ్లొచ్చు. పోటీ అనుకోకండి.

బుధవారం సాయంత్రం పాలిచ్చాక బాబును మీరు ఉంచుకోండి, చేతులు ఊపుకుంటూ వెళ్లనివ్వండి. తిరిగొచ్చాక ‘ఏం మాట్లాడుకున్నారు?’ అని అడగొద్దు, టీ పెట్టివ్వండి. కళ్లు ఎర్రగా ఉన్నా అడగొద్దు. ఉగ్గు విషయంలో కోడలిదే రైటు, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

లాప్‌టాప్‌లో తల దూర్చిన పెద్దమనిషి సంగతి కూడా చూడాలి. ఈ ఇంట్లో ‘వెళ్లనీ అమ్మా’ అన్నది అతనొక్కడే, అందుకు మెచ్చుకుందాం. కానీ అనుమతితో తండ్రి పని అయిపోదు. ఈ దశలో ఆమెకు అన్నిటికన్నా కావాల్సింది ఏకధాటిగా నాలుగైదు గంటల నిద్ర. రాత్రి ఒక విడత పిండిన పాలు పట్టడం, గుడ్డలు మార్చడం అతనిది కావాలి. మీది కాదు, మీరు పగలంతా చేస్తున్నారు. ఇంకో విషయం. కొత్త తండ్రుల్లోనూ పదిమందిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది, బిడ్డకు మూడు నుంచి ఆరు నెలల మధ్య మరీ ఎక్కువ. మగవాళ్లలో అది ఏడుపుగా కనబడకపోవచ్చు. విసుగు, ఎప్పుడూ ఆఫీసు పనే, ఇంట్లో ఉన్నా లేనట్టుండటం, ఇలా బయటపడుతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే 15 రోజుల సెలవైనా ఉండేది, ప్రైవేటు కంపెనీల్లో అది కంపెనీ దయ. మీవాడు మొద్దుగా ఉన్నాడని తిట్టేముందు ‘నువ్వెలా ఉన్నావురా?’ అని ఒకసారి అడగండి. ఆ పార్కులోని అమ్మాయిల భర్తలు ఎప్పుడైనా లిఫ్టులో పలకరించుకున్నారో లేదో కూడా నాకు అనుమానమే. ఆదివారం ఓ గంట పిల్లల్ని ఎత్తుకుని వాళ్లనూ కిందికి దిగమనండి, క్రికెట్ గురించే మాట్లాడుకున్నా ఫరవాలేదు.

డాక్టరు దగ్గరికి ఎవరు తోడు రావాలన్నది మాత్రం మీరు తేల్చేయకుండా ఆమెనే అడగండి. మొగుడి పేరు చెబుతుందో, మీ పేరు చెబుతుందో, పార్కులో పరిచయమైన అమ్మాయి పేరే చెబుతుందో. ఆ అమ్మాయి పేరు చెబితే నొచ్చుకోకండి. ఇంట్లో బాబు దగ్గర ఒకరుండాలి కదా.